మొద్దులు చీల్చు యంత్రమునకు ఇంజను

మిషిగన్ రాష్ట్రమున పట్టణమునకు దూరముగా ఇల్లు కట్టుకొని, చలికాలమంతయు కట్టెల పొయ్యి వేడిమితోనే గడుపుచున్న మా మేనల్లుడు, ఓక్ మొద్దులను గొడ్డలితో చీల్చి చీల్చి నడుము పట్టుకొనిపోగా, హైడ్రాలిక్ యంత్రమొకటి స్వయముగా కూర్చుకొన సంకల్పించి, “ఎంత పెద్ద ఇంజన్ పెడితే అంత బాగా చీలుస్తుంది కదా మామయ్యా?” అని నన్నడిగినాడు. హార్సుపవరు అంకె పెద్దదైనకొలది మురిసిపోవుట మనలో చాలమందికి గల బలహీనతయే.

చీల్చెడు బలమంతయు నూనె యొత్తిడిలో నున్నది. ఇంజను పంపును త్రిప్పగా, పంపు నూనెను సిలిండరులోనికి నెట్టగా, అందలి పిస్టను మొద్దును ఉక్కు మొనమీదికి త్రోయును. నాలుగంగుళముల వ్యాసముగల సిలిండరులో చదరపు అంగుళమునకు 3000 పౌనుల యొత్తిడి కలిగినచో పిస్టనుపై పడు బలము 37,700 పౌనులు, అనగా సుమారు 17 టన్నులు. ఈ లెక్కలో అశ్వశక్తి ప్రసక్తి లేదు; ఆ బలము ఎంత వేగముగా కదలవలెనను చోటనే అది ప్రవేశించును.

నిమిషమునకు 11 గాలన్ల నూనెను అంతటి యొత్తిడితో ఎడతెగక నెట్టుటకు 19 అశ్వశక్తులకు పైగా కావలెను. అయినను ఐదారు అశ్వశక్తుల చిన్న ఇంజనుతో పని సాగుచున్నదన్న, అది రెండంచెల పంపు చలవ. పిస్టను ఖాళీగా సాగునంతసేపు పంపులోని రెండు జతల పండ్లచక్రములును కలిసి నూనెను ధారాళముగా పంపును. ఓక్ బుడిపె అడ్డుతగిలి యొత్తిడి పెరుగగనే పెద్దజత తప్పుకొనును, చిన్నజత మాత్రము నిమిషమునకు మూడు గాలన్ల చొప్పున నిదానముగా నెట్టుచుండును. దగ్గర నిలిచినవానికి ఈ మార్పు చెవికే తెలియును: ఇంజను స్వరము క్రుంగును, గవర్నరు థ్రాటిలును తెఱవగా మరల నిలదొక్కుకొనును, అంతలో నారలు టపటప తెగి మొద్దు రెండుగా విచ్చుకొనును.

ఇంటిలో పడియున్న గడ్డికోత యంత్రపు ఇంజనును తగిలింపవలెనను ఆశయు కొందఱకు పుట్టును. దాని ఇరుసు నిలువుగా నుండుటయే గాక, కోతబ్లేడు బరువు ఎట్లును తోడుండునని ఫ్లైవీలును తఱచు తేలికగా చేయుదురు; బ్లేడు తీసివేసినచో తాడు లాగినప్పుడు వెనుకకు తన్నును, నడకలో తడబడును. కావున అడ్డపు ఇరుసుతో నిమిషమునకు 3600 చుట్లు తిరుగు ఇంజనే ఇట్టి పంపునకు ఈడైన జోడు.

మన మెట్టపొలములలో నూతి లోతును, పంపును చూచిన పిమ్మటనే ఆయిలింజను బేరమాడెడివారు, ఇచ్చటను క్రమమదియే. మొద్దు లావును బట్టి సిలిండరు, సిలిండరును బట్టి పంపు, పంపును బట్టి ఇంజను. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తినచో మిగులునది పెట్రోలు ఖర్చే. 11 గాలన్ల రెండంచెల పంపునకు ఆఱు అశ్వశక్తుల ఇంజను చాలును. అంతకుమించి వెచ్చింపదలచిన సొమ్మున్నచో మంచి పంపుమీద వెచ్చింపుడు.