చెరపకుండా రాసే విద్య

పోతన భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండు స్కంధాలు వెలిగందల నారయవి. బమ్మెర కవి రాసిన తాటాకులు కొన్ని శిథిలమైతే ఆ ఖాళీలను వీళ్లు పూరించారని చెబుతారు. వాళ్ల పద్యాలు మనకు దక్కాయి, సంతోషమే. పోతన పద్యాలు మాత్రం మళ్లీ రాలేదు.

తాటాకుల కాలం పోయింది. ఇప్పుడు వరంగల్ మట్టెవాడలో, ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల, స్కానింగ్ సెంటర్లు, ఆడిటర్ల ఆఫీసులు, ఫొటో స్టూడియోలు రోజూ పుట్టించే ఫైళ్లన్నీ ఏదో ఒక డిస్కు మీదికే చేరుతున్నాయి. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో లెక్క చూసే సాఫ్ట్‌వేరే ఫైల్ సిస్టమ్. అది పనిచేస్తున్నంత కాలం దాని పేరు కూడా ఎవరికీ పట్టదు. అందుకే దాని గురించి వివరంగా రాయాలనిపించింది.

పెద్ద సంస్థలు నమ్ముకున్న ఫైల్ సిస్టముల్లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకటి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో దీన్ని మొదలుపెట్టారు. 2005లో సోర్సు కోడ్ బయటికొచ్చింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక, 2013 నుంచి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో ఓపెన్ సోర్సు ప్రాజెక్టుగా సాగుతోంది.

దీని పద్ధతి తెలుసుకోదగ్గది. డిస్కులో వాడుకలో ఉన్న బ్లాకు (సమాచారపు ముక్క) మీద ఇది ఎప్పుడూ తిరగరాయదు. మార్చిన సమాచారాన్ని వేరే ఖాళీ చోట రాస్తుంది. తర్వాత దానికి దారి చూపే పై బ్లాకునూ కొత్తగా రాస్తుంది, దాని పైదాన్నీ అలాగే. అన్నీ కుదిరాకే చిట్టచివరి మూలపు గుర్తు మారుతుంది. సగంలో కరెంటు పోయినా పాత స్థితి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ పాత స్థితిని పారేయకుండా ఉంచుకుంటే అదే స్నాప్‌షాట్.

రెండోది చెక్‌సమ్. ప్రతి బ్లాకుకీ లెక్కగట్టిన ఈ ముద్రను ఆ బ్లాకులోనే దాచరు, దానికి దారి చూపే పై బ్లాకులో దాస్తారు. డిస్కు తప్పుడు సమాచారం ఇస్తే పైవాడి దగ్గరున్న ముద్రతో సరిపోదు, దొరికిపోతుంది. వెంటనే అద్దం కాపీ నుంచో, పారిటీ అనే అదనపు లెక్క నుంచో సరైనది తెచ్చి బాగుచేస్తుంది. అప్పుడప్పుడు స్క్రబ్ నడిపితే ఎవరూ తెరవని పదేళ్ల నాటి ఫైలును కూడా చదివి సరిచూస్తుంది. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

2025 జనవరిలో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 వెర్షన్ వచ్చింది. డేటానూ పారిటీనీ పలు డిస్కుల్లో పంచి దాచే పద్ధతిని రెయిడ్‌జెడ్ అంటారు. 2017లో ప్రకటించిన రెయిడ్‌జెడ్ విస్తరణ ఇన్నాళ్లకు ఇందులో అందింది. నాలుగు డిస్కులతో మొదలుపెట్టిన రెయిడ్‌జెడ్1కి, పని ఆపకుండానే అయిదోది జోడించవచ్చు. చిన్న ఆఫీసులకు పెద్ద వెసులుబాటు. కానీ జోడింపు ఒక్కొక్క డిస్కు చొప్పునే. మూడు వంతుల డేటాకు ఒక వంతు పారిటీతో రాసిన పాత ఫైళ్లు ఆ నిష్పత్తిలోనే ఉండిపోతాయి. కొత్తగా రాసేవాటికే నాలుగుకు ఒకటి. ఒక డిస్కు పోతే తట్టుకునే ఏర్పాటు, రెండు పోయినా తట్టుకునేదిగా మారదు.

ఒకే సమాచారం పదిసార్లు వస్తే ఒక్కసారే దాచే డీడూప్ కూడా వేగం పుంజుకుంది. పాత డీడూప్‌కు బ్లాకుకు దాదాపు 320 బైట్ల ర్యామ్ కావాలనేవారు. ఒక టెరాబైటును 128 కిలోబైట్ల బ్లాకులుగా విడగొడితే 84 లక్షల బ్లాకులు, అంటే సుమారు రెండున్నర గిగాబైట్ల ర్యామ్ దాని పట్టికకే పోతుంది. ఇప్పుడు ఆ పట్టికకు హద్దు పెట్టుకోవచ్చు. అయితే పాత పట్టికలు కొత్త రూపంలోకి మారవు.

తెలుగువాళ్లకు పనికొచ్చే మార్పు మరొకటుంది. ఫైలు పేరు ఇదివరకు 255 బైట్లు దాటకూడదు. ఇప్పుడు 1023 దాకా పెట్టుకోవచ్చు. యూనికోడ్‌లో (యూటీఎఫ్-8 పద్ధతిలో) తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు కూడా ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఇంగ్లిషులో రాస్తే తొమ్మిది బైట్లయ్యే మట్టెవాడకు తెలుగులో ఇరవై నాలుగు. ఊరు, గ్రంథం పేరు, తేదీ కలిపి తెలుగులో పేరు పెడదామంటే పాత హద్దు ఇట్టే నిండుతుంది. ఇది మనకు రావలసిన చోటే. కాకపోతే చాలా ప్రోగ్రాములు ఇంకా 255కే కట్టుబడి ఉన్నాయి కాబట్టి పొడవు పేర్లు వాటికి ఎక్కవు.

చెక్‌సమ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2023 అక్టోబరులో 2.2 వచ్చింది. నవంబరుకల్లా కాపీ చేసిన కొన్ని ఫైళ్లలో సమాచారం ఉండాల్సిన చోట సున్నాలు కనిపించాయి. డేటాను మళ్లీ రాయకుండా పాత బ్లాకులనే పంచుకుని కాపీ చేసే, కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ మీద అనుమానంతో 2.2.1లో దాన్ని ఆపేశారు. తీరా చూస్తే లోపం ఎప్పటినుంచో ఉంది: అప్పుడే మార్చిన ఫైలులో ఖాళీలెక్కడున్నాయని అడిగితే, అరుదుగా తప్పు జవాబిస్తోంది. 2.2.2లో సరిదిద్దారు. స్క్రబ్ దీన్ని పట్టలేకపోయింది. కాపీ చేసే ప్రోగ్రాము సున్నాలనే నిజమనుకుని రాసింది కాబట్టి వాటి ముద్ర కూడా సరిగ్గానే ఉంది.

కొత్త ఫీచర్లు వాడకంలోకి వచ్చాక డిస్కులన్నిటినీ కలిపిన నిల్వను, అంటే ఆ పూల్‌ను పాత వెర్షన్‌తో తెరవడం చాలాసార్లు కుదరదు, వెనక్కి తిప్పే దారీ మామూలుగా ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించడం ఒక పని, పూల్‌ను అప్‌గ్రేడ్ చేయడం ఇంకో పని. మట్టెవాడలో మొదటిది చేసి కొన్ని వారాలు నడిపి చూడాలి. హనుమకొండలాంటి వేరే చోట పెట్టుకున్న రెండో కాపీని అన్నాళ్లూ పాత వెర్షన్‌లోనే ఉంచి, అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూశాకే రెండో పనికి దిగాలి.