నవ్వింది ఎవర్ని చూసి?

తాడేపల్లిగూడెంలో మా మావయ్య ఉల్లిపాయల కొట్లో గల్లాపెట్టె వెనక ఎప్పుడూ ఒక అమ్మాయి క్యాలెండర్ వేలాడేది. గాలికి లేచిన గౌను, దొరికిపోయినట్టు సగం తెరిచిన నోరు. అత్తయ్య క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఆ గోడవైపు చూడకుండా వడ్డించి వచ్చేసేది. చొక్కాల్లేకుండా బస్తాలు మోసేవాళ్ళు అక్కడే తిరిగేవారు. వాళ్ళని చూసి మాత్రం తల తిప్పుకునేది కాదు.

అమెరికాలో క్యాలెండర్ల కోసం గిల్ ఎల్వ్‌గ్రెన్ (1914-1980) వేసిన పిన్-అప్ బొమ్మల్లో ఆ అమ్మాయి అక్కచెల్లెళ్ళు బోలెడుమంది. గౌను ఎక్కడో తగులుకుని పైకి లేస్తుంది. ఆమె కావాలని చూపించలేదు, అతను కావాలని చూడలేదు! ఎంత సుఖమైన ఏర్పాటో.

2011లో రియాన్ సబీన్ తీసిన ‘మెన్-అప్స్’ ఫొటోల్లో ఈ భంగిమలన్నీ మగవాళ్ళవి. ఏలూరులో డిగ్రీ పిల్లలకి చూపిస్తే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. “అమ్మాయి అలా నిలబడితే ఎందుకు నవ్వం మేడమ్?” అని వెనకబెంచీ అమ్మాయి అడిగేదాకా.

నవ్వు తెప్పించింది మగ ఒళ్ళు కాదు. కొల్లేట్లో లుంగీ ఎగగట్టి వల లాగే మనిషిని చూసి ఎవరూ నవ్వరు, అది పని. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూసి నవ్వలేదు, అది సాధన. ఈ ఫొటోల్లో నవ్వులపాలైంది అతను కాసేపు అరువు తెచ్చుకున్న ఆడతనం. ఆ మేరకు ఈ ఫొటోలు మన పక్షాన ఉన్నాయని నేననుకోను. అయితే ఒక మేలు చేశాయి. ఆడ ఒంటి మీద సహజంగా కనిపించే ఆ మెలిక, మగ ఒంటి మీద కష్టంగా కనిపిస్తుంది.

ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మిని 1980లో ‘వండిచక్కరం’ సినిమా సిల్క్ స్మితని చేసింది. 1996లో, ముప్పై అయిదేళ్ళకే పోయింది. 2011లోనే, ఆమె జీవితాన్ని గుర్తుచేస్తూ ‘ది డర్టీ పిక్చర్’ వచ్చింది. ఆమె చావు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. దోపిడీ అన్నాం, జాలిపడ్డాం. లైట్ల వేడిలో నడుం తిప్పి, ఊపిరి బిగబట్టి, అది సుఖంగా ఉన్నట్టు కళ్ళతో నమ్మించడం ఒక పనితనమని ఎందరం రాశాం? నా థీసిస్‌లో నేనూ ఆమెని ఒక్క ఫుట్‌నోట్‌తో సరిపెట్టాను.

మర్నాడు ఒక కుర్రాడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర తచ్చాడాడు. ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించాట్ట. “మడమెత్తి అలా అరనిమిషం కూడా ఉండలేకపోయానండీ, నడుం పట్టేసింది” అన్నాడు.