నిలిపే చేతికి దండం

తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్. ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ ఇంకా కదల్లేదు. ప్లాట్‌ఫారం చివర ఓ హమాలీ మోకాళ్లు ఛాతీకి ఆనించుకుని గొంతుక్కూర్చున్నాడు, మోత కోసం చూస్తూ. నా ఒంట్లో, కణాల లోపల మూటలు మోసే మోటార్ ప్రొటీన్ కైనెసిన్ కూడా ఇలాగే కూర్చుంటుంది. మోయడానికి మూట దొరక్కపోతే తోకను మడిచి తన తలల మీదే వేసుకుంటుంది, ఇంధనం దండగ చెయ్యదు. దాన్ని ఆపే మొదటి చెయ్యి దాని ఒంట్లోనే ఉంది.

నడకను పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను నిన్ను పాడతాను, నిరోధకమా!

ఆ నడక ఎంత చక్కనిదో నాకు తెలియక కాదు. 25 నానోమీటర్ల లావున్న మైక్రోట్యూబ్యూల్ దారి. అడుగుకు 8 నానోమీటర్లు, అడుగుకొక ఏటీపీ అనే ఇంధన అణువు, సెకనుకు వంద అడుగుల దాకా. నడుము దగ్గరి నాడీకణం నుంచి కాలి బొటనవేలికి రెండు మూరల దూరం. రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్ల చొప్పున మూటలు మోసుకుపోవాలి. తిరుగు మోత డైనీన్‌ది. కండలోనూ గుండెలోనూ లాగే పని మయోసిన్‌ది. అయితే నువ్వు పట్టి ఆపేదాకా ఈ కైనెసిన్ ఎవరికి చిక్కింది? 1985లో అమెరికాలో వుడ్స్ హోల్ తీరాన, స్క్విడ్ నాడీతంతువుల్లో దాన్ని వెతుకుతున్నవాళ్లకు దోవ చూపింది నువ్వే. ఏఎంపీ-పీఎన్‌పీ అనే వేషం కట్టి వచ్చావు. అచ్చం ఏటీపీవే, ఒక ఆక్సిజన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ పెట్టుకున్నావు, అంతే. నిన్ను మింగిన ప్రొటీన్ నిన్ను విరగ్గొట్టలేక, కాలు తియ్యలేక దారికి అతుక్కుపోయింది. అసలు ఏటీపీ పొయ్యగానే పట్టు వదిలి గాజుగొట్టంలోకి దిగింది. అలా దొరికింది.

ఏటీపీ అంటే మాకు భీమవరం గుర్తొస్తుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ దారిలోనే 1929లో కండలోంచి ఏటీపీని బయటికి తీశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని పట్టాడు. మోటార్ ప్రొటీన్ ఏటీపీని విరిచినప్పుడల్లా ఒక ఫాస్ఫేట్ రాలుతుంది. గొట్టంలో నీలం ముదురుతుంది. నువ్వు బొట్టుబొట్టుగా చేరుతుంటే ఆ నీలం పలచబడుతుంది, తెల్లవారే ఆకాశంలాగా. నీ బలమెంతో చెప్పేది ఆ వెలిసిన రంగే. మా తెలుగువాడి నీలంలో నిన్ను తూచగలగడం నాకు పండగ!

నీ పేరు చెప్పుకునేవన్నీ నువ్వు కావు. మా మెట్ల పక్క బిళ్లగన్నేరు పూసింది. దానిలోని విన్‌క్రిస్టిన్ నడిచేవాణ్ణి ముట్టుకోదు, దారిలో పరిచిన ఇటుకలను ఊడదీస్తుంది. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలను బతికిస్తుంది. పొడవాటి నాడుల కొసన, కాలివేళ్లలో తిమ్మిరి కూడా పుట్టిస్తుంది. దారే చెడితే హమాలీ ఏం చేస్తాడు? ఆ మందుకూ మొక్కుతాను, కానీ అది వేరే దేవత.

నీ అసలు రూపం గుండెలో చూశాను. గుండె కండ మందమై, రక్తం బయటికి పోయే దోవకే అడ్డుపడే జబ్బొకటి ఉంది. అక్కడ మయోసిన్ అవసరానికి మించి లాగుతుంది. మావాకామ్టెన్ పేరుతో వచ్చి కొన్ని చేతులను విశ్రాంతిలో ఉంచుతావు. 2022లో అమెరికాలో దీనికి అనుమతి దొరికింది. కొలత మించితే గుండె నీరసిస్తుంది కాబట్టి ఎకో తీస్తూ, చూసి చూసి ఇస్తారు. మయోసిన్‌కు పగ్గం వేసే ప్రొటీన్ మన పుట్టుకతోనే వస్తుంది. దాని జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన గుండెలు మన దేశంలో నూటికి నాలుగు దాకా ఉంటాయని 2009లో మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు, వాళ్ల సహచరులు చెప్పారు. నూటికి నాలుగు! ఇప్పుడు ఈ ప్లాట్‌ఫారం మీద ఎక్కబోయేవాళ్లను లెక్కపెట్టి చూడు.

చివరికి నీ ఒంటిచుక్క రూపం. సుబ్బారావు పనిచేసిన ఆ హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లోనే, 1999లో, 16,320 రసాయనాలను జల్లెడ పట్టి మొనాస్ట్రాల్ అని నీకు పేరు పెట్టారు. చీలబోయే కణంలో రెండు ధ్రువాలను ఎడంగా నెట్టే కైనెసిన్ ఈజీ5. నువ్వు ఏటీపీ కూర్చునే చోటికి పోవు. పక్క సందులో దూరి, వాడేసిన ఇంధనం బయటికి పోకుండా పట్టుకుంటావు. నెట్టే బలం పోతుంది. ధ్రువాలు విడిపోవు. క్రోమోజోములన్నీ ఒకే నడిబొడ్డు చుట్టూ నక్షత్రంలా నిలబడిపోతాయి.

ఆ నక్షత్రం బొమ్మ ముందు ఎంతసేపు కూర్చున్నానో. దారి చెడలేదు, నడిచేవాడు చావలేదు. గిన్నెలో నీళ్లు మార్చి నిన్ను కడిగేస్తే మారుమాట లేకుండా వెళ్లిపోతావు. కాసేపటికి ఒంటిచుక్క కదులుతుంది, సాగుతుంది, రెండవుతుంది. నడుమ క్రోమోజోములు వరస కడతాయి.