అనామకుని జేబులోని అంత్యవాక్యము

కర్త యెవరో తెలియని కావ్యము విమర్శకుని యెంతగా ఊరించునో, పేరు తెలియని మృతుడు లోకమును అంతకంటె నెక్కువగా ఊరించును. రెండుచోట్లను ఊహకు పట్టపగ్గములుండవు. 1948 డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగర సమీపమున, సోమర్టన్ సముద్రతీరమందలి గోడకు చేరగిలబడి మరణించియున్న పురుషుని కథ యిందుకు నిదర్శనము.

అతని దుస్తులనుండి తయారీదారుల పట్టీలు చాలవరకు తొలగింపబడియుండెను. పేరు తెలుపు కాగితమేదియు లేదు. కొన్ని నెలలకు లాగులోని చిన్నజేబులో చుట్టియున్న కాగితపుముక్క యొకటి దొరకెను. దానిపై అచ్చుపడినవి రెండే మాటలు: ‘తమామ్ షుద్’. పారసీకమున ‘ముగిసినది’ యని అర్థము. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డు ఆంగ్లీకరించిన ఉమర్ ఖయ్యాము రుబాయతు ప్రతి యొకటి 1949లో దొరకగా, ఆ ముక్క అందుండి చింపినదే యని తేలెను. ఆ ప్రతి వెనుకభాగమున అర్థముకాని అక్షరముల పంక్తులు కొన్ని యుండెను.

ఇక ఊహలకు కొదువ యేమి? పరదేశపు గూఢచారి యని కొందరు, భగ్నప్రణయుడని కొందరు, విషప్రయోగమునకు గురియైన వాడని మరికొందరు. మరణకారణము నేటికిని నిశ్చితము కాలేదు. అయినను ఆ రెండు మాటలను మృతుని చరమవాక్యముగా చదువుటయందు మాత్రము వీరందరును ఏకీభవించిరి.

సాహిత్య విమర్శకుడు ఇచ్చటనే ఒక ప్రశ్న వేయవలసియున్నది. ఆ మాటలు ఎవరివి? మృతునివి కావు, ఖయ్యామువియు కావు. పారసీక లేఖకులు వ్రాతప్రతుల తుదిని వ్రాయు ఆనవాయితీ మాటలవి. మన తాటాకు ప్రతుల చివర లేఖకుడు ‘సంపూర్ణము’ అని వ్రాయుట వంటివి. ఫిట్జెరాల్డు వానిని తన కావ్యాంతమున నిలిపెను. అంతేకాదు, ఖయ్యాము పేర చెల్లుచున్న రుబాయీలలో నిజముగా ఆయనవి యెన్నియో పండితులు తేల్చలేదు. పారసీకము నేర్చి, మూలము ననుసరించి ‘పానశాల’ రచించిన దువ్వూరి రామిరెడ్డిని ఎరిగిన తెలుగు పాఠకునకు, ఆంగ్ల కావ్యమే ఖయ్యాము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. పేరులేని మనుష్యుని జేబులో పేరులేని లేఖకుని వాక్యము దొరకగా, లోకము దానిని అతని ఆత్మకథగా చదివినది.

ఈ పొరపాటు మనకు కొత్తది కాదు. ‘క్రీడాభిరామము’ వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వాదమున, శైలి నొక్కదానినే సాక్ష్యముగా గైకొన్నవారు తాము ముందే వలచిన కవినే అందు దర్శించుట కలదు. ఆధారము కొరవడినకొలది చదువరి తన్ను తానే చదువుకొనును.

2021 మే మాసమున ఆ మృతుని సమాధి త్రవ్వబడెను. 2022 జూలైలో ఆచార్య డెరెక్ అబ్బాట్, వంశావళి పరిశోధకురాలు కొలీన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ తమ నిర్ణయమును ప్రకటించిరి. నాడు మృతుని ముఖమునుండి తీసిన ప్లాస్టరు ప్రతిమలో చిక్కియున్న వెంట్రుకలే వారికి ఆధారము. వారి మాటలో అతడు 1905లో మెల్‌బోర్న్ నగర పరిసరమున జన్మించిన కార్ల్ వెబ్. విద్యుత్ పరికరముల పని నెరిగినవాడు. అతడు కవిత్వము వ్రాయువాడని భార్య విడాకుల పత్రములవలన తెలియుచున్నది.

ఈ నిర్ణయము నిలిచినచో, డెబ్బది యేండ్ల ఊహలలో ఎవరికిని తోచని సామాన్యుడు మనయెదుట నిలుచును: పద్యమును ప్రేమించి, పుస్తకము నొకదానిని చేతబట్టిన పాఠకుడు. ఆ రెండు మాటలు అతనివి కావు. వానిని చింపి దాచుకొన్నది అతడే యైనచో, ఆ యెన్నిక మాత్రము అతనిది. దానికి అర్థము చెప్పుటకు ముందు, మన మాటను అతని నోట పెట్టుచున్నామేమో యని ఒక్కమారు ఆగి చూచుకొనుట మృతునియెడ మనము చూపదగిన కనీస మర్యాద.