కారణం లేని కృపకు కథ కట్టడం

సౌలు దమస్కుకు బయల్దేరింది క్రీస్తు మార్గంలో ఉన్నవాళ్ళను బంధించి యెరూషలేముకు తేవడానికి. దారిలో ఆకాశం నుంచి వెలుగు కమ్మింది, నేలమీద పడ్డాడు, మూడు రోజులు చూపు లేకుండా ఉన్నాడు, ఆ తర్వాత లేచినవాడు వేరే మనిషి. అపొస్తలుల కార్యాల్లో ఈ ఘట్టం చదివే విశ్వాసికి అందులో లోటేమీ కనిపించదు. ఇదే మలుపు ఒక నవలలో ప్రతినాయకుడికి తగిలిస్తే మాత్రం పాఠకుడు ఊరుకోడు. నిన్నటిదాకా అలా ఉన్నవాడు ఇవాళ ఇలా ఎందుకయ్యాడు, ముందు సూచనేది, అని నిలదీస్తాడు. నవల నడిచేదే కార్యకారణాల మీద. కృప అంటే అర్హత చూడకుండా, కారణం అడగకుండా దొరికేది. క్రైస్తవ నవల రాయడానికి కూర్చున్న ప్రతివారూ ఈ రెంటి మధ్యా ఇరుక్కుంటారు. అమెరికాలో పుస్తకాల షాపుల్లో ప్రత్యేకంగా అరలు కట్టి అమ్మే ఈ సాహిత్యాన్ని ‘మంచి మాటలు చెప్పే కాలక్షేపం’ అని తీసిపారేసేవాళ్ళు ఆ ఇరుకును గమనించరు. ప్రేమకథైనా, చారిత్రక నవలైనా, ఉత్కంఠ రేపే కథైనా, రచయిత ఆ ఇరుకులోంచి ఎలా నడిచాడన్నదే నా దృష్టిలో ఆ పుస్తకం విలువను తేలుస్తుంది.

ఈ కథలకు పుట్టిల్లు సంఘంలో చెప్పే సాక్ష్యం. తెలుగు సంఘాల్లో కూర్చున్నవాళ్ళకు దాని నడక బాగా తెలుసు: నేను ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని, ఫలానా రోజున ప్రభువు నన్ను తాకాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. మూడు మెట్లు. మధ్య మెట్టు దగ్గర వినేవాళ్ళు ఊపిరి బిగబడతారు. 1896లో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో పాస్టరు చార్లెస్ షెల్డన్ ఆదివారం సాయంత్రాలు ప్రసంగం బదులు ఒక కథను వారానికో అధ్యాయం చొప్పున చదివి వినిపించాడు. అదే ‘ఇన్ హిజ్ స్టెప్స్’. చిరిగిన బట్టలతో ఒక నిరుద్యోగి ఆరాధన మధ్యలో లేచి, విశ్వాసులను నెమ్మదిగా నాలుగు ప్రశ్నలు అడిగి, అక్కడే కుప్పకూలతాడు. ఆ దెబ్బతో ఊళ్ళో కొందరు ఏడాదిపాటు ప్రతి పనికీ ముందు యేసైతే ఏం చేసేవాడో ఆలోచించుకోవాలని ఒట్టు పెట్టుకుంటారు. వారపత్రికలో ‘సశేషం’ చూసి వచ్చే సంచిక కోసం కాచుకున్న తెలుగు పాఠకులకు ఆ సాయంత్రాల సందడి ఊహించడం కష్టం కాదు. కాపీరైటు సరిగా నమోదు కాకపోవడంతో ఎందరో ప్రచురణకర్తలు దాన్ని అచ్చేసుకున్నారు. నవలగా అది పలచన. మనుషుల కంటే ప్రశ్నే బరువుగా ఉంటుంది. అయినా ప్రసంగం చెయ్యలేని పని కథ చెయ్యగలదని, వినేవాణ్ణి నిర్ణయం అంచుదాకా తీసుకెళ్ళి వారంపాటు అక్కడే నిలబెట్టగలదని షెల్డన్ నిరూపించాడు.

ప్రేమకథల దగ్గరికి వస్తే 1979 ఒక మలుపు. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ని ఆ ఏడాది బెథనీ హౌస్ ప్రచురించింది. పడమటి మైదానాలకు బండ్ల మీద వలస పోతుండగా మార్టీ భర్త చనిపోతాడు. ఆమె గర్భవతి. ఖననం జరిగిన రోజే క్లార్క్ అనే రైతు వచ్చి, తల్లిలేని తన కూతురికి అమ్మ కావాలి, నీకు నీడ కావాలి, పెళ్ళి చేసుకుందాం అంటాడు. వసంతంలో తూర్పుకు వెళ్ళే బండ్లు వస్తాయి, అప్పటికీ నీకు ఇష్టం లేకపోతే దారిఖర్చు నేనే ఇస్తాను, పాపను కూడా నీతో తీసుకెళ్ళు అని మాట ఇస్తాడు. ఓక్ నేర్పంతా ఆ మాటలోనే ఉంది. క్లార్క్ ఆమెను ఒప్పించడానికి ఏమీ చెయ్యడు. అతను వేరే గదిలో పడుకుంటాడు. భోజనానికి ముందు ప్రార్థన చేస్తాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియక ఆమె బిత్తరపోయి వింటుంది. శీతాకాలమంతా కట్టెలు కొట్టడం, రొట్టెలు కాల్చడం, బిడ్డ పుట్టడం, ఇవే సంఘటనలు. పడకగది దృశ్యాలూ బూతుమాటలూ ఉండకూడదన్నది ఈ ప్రచురణరంగంలో కట్టుబాటు. ఓక్ చేతిలో ఆ కట్టుబాటే శిల్పమైంది. తాకలేని ఇద్దరి మధ్య ఒక గ్లాసు నీళ్ళు అందించడం కూడా సంఘటనే అవుతుంది. వెళ్ళిపోయే స్వేచ్ఛ ఆమె చేతిలో పెట్టి రచయిత్రి పక్కకు తప్పుకుంది కాబట్టి వసంతం వచ్చినప్పుడు మార్టీ తీసుకునే నిర్ణయం మనకు నిజమనిపిస్తుంది.

ఇదే పనిని అంతకంటే కఠినమైన నేల మీద చేసిన పుస్తకం ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’. మొదట 1991లో మామూలు ప్రచురణ సంస్థ నుంచి వచ్చి, 1997లో క్రైస్తవ ప్రచురణగా సవరించిన రూపంలో వెలువడింది. ఆధారం హోషేయ గ్రంథం. వ్యభిచారిణి గోమెరును పెళ్ళాడమని దేవుడు ప్రవక్తకు చెప్పడం, ఆమె విడిచిపోవడం, అతను వెండీ యవలూ ఇచ్చి ఆమెను తిరిగి తెచ్చుకోవడం. రివర్స్ దీన్ని 1850ల నాటి కాలిఫోర్నియా బంగారు వేట రోజుల్లోకి మార్చింది. చిన్నతనంలోనే అమ్ముడుపోయిన ఏంజెల్, ఆమెను పెళ్ళాడమని దేవుడు చెప్పాడని నమ్మిన రైతు మైకేల్ హోసియా. ఇంతవరకు ఎవరైనా అల్లుకోగల కథే. ఏంజెల్ పారిపోతుంది, మైకేల్ వెళ్ళి తెచ్చుకుంటాడు, మళ్ళీ పారిపోతుంది. చివరిసారి ఆమె వెళ్ళినప్పుడు మాత్రం వెతుక్కుంటూ వెళ్ళొద్దని అతనికి లోపల ఆజ్ఞ అందుతుంది. మూడేళ్ళు అతను పొలంలోనే ఉండిపోతాడు. నవల గుండెకాయ అక్కడుంది. మామూలు ప్రేమకథలో నాయకుడి ప్రేమే నాయికను రక్షిస్తుంది. ఇక్కడ అతని ప్రేమ ఎంత గొప్పదైనా రక్షణ కాలేదని, అతనే ఆమెకు దేవుడైపోయే ప్రమాదముందని రచయిత్రి గ్రహించి, ప్రేమకథకు అత్యవసరమైన మనిషిని కథలోంచి తప్పించింది. ఆ మూడేళ్ళలో ఏంజెల్ తన కాళ్ళమీద నిలబడి, తనలాంటి ఆడపిల్లలకు ఆసరా ఏర్పాటుచేసి, ఆ తర్వాతే తన ఇష్టంతో వెనక్కి వస్తుంది. వచ్చాక భర్తకు ఆమె ఇచ్చేది తన అసలు పేరు, సారా. అంతవరకు మగవాళ్ళు పెట్టిన పేర్లతోనే బతికిన మనిషి. ఒక్క మాటలో మారుమనస్సు కనిపించింది, ప్రసంగం అక్కర్లేకపోయింది.

ఈ ప్రేమకథలకు ఇంకో ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో అవిశ్వాసులతో జోడు కట్టవద్దని పౌలు చెప్పాడు. కులమూ ఆస్తీ అడ్డురాని ఇద్దరి మధ్య ఇది గోడవుతుంది. డీ హెండర్సన్ 2000లో రాసిన ‘ద నెగోషియేటర్’లో కేట్ ఓమాలీ షికాగోలో బందీలను విడిపించే పోలీసు సంధానకర్త, డేవ్ ఎఫ్‌బీఐ అధికారి. అతను విశ్వాసి, ఆమె కాదు. ఆయుధం పట్టుకున్నవాడితో ప్రశాంతంగా మాట్లాడగలిగిన స్త్రీ దేవుడి మాట వచ్చేసరికి తడబడుతుంది. హంతకుణ్ణి పట్టుకోవడం ఒక ఉత్కంఠ, ఈ గోడ సంగతేమిటన్నది రెండో ఉత్కంఠ. అయితే ఇక్కడో గట్టి ఆక్షేపణ ఉంది: అలాంటి కథలో మారుమనస్సు పెళ్ళికి అర్హత పత్రమైపోదా? నిజమే, నాసిరకం పుస్తకాల్లో అదే జరుగుతుంది. ఆఖరు అధ్యాయంలో ఆమె కళ్ళు మూసి ప్రార్థిస్తుంది, ఆ వెంటనే ఉంగరం వస్తుంది. కృపను కట్నంగా మార్చిన పని అది. పెళ్ళి జరగకపోయినా ఆమె ఆ విశ్వాసంలో ఉండేదా అని పాఠకుడు తనను తాను అడిగినప్పుడు, ఉండేదని నిర్భయంగా చెప్పగలగాలి. రివర్స్ పుస్తకం ఆ పరీక్షలో నెగ్గుతుంది. చాలా పుస్తకాలు నెగ్గవు.

ఉత్కంఠ నవలల్లో 1986 నాటి ఫ్రాంక్ పెరెట్టి ‘దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్’ను దాటి వెళ్ళడానికి వీల్లేదు. ఆష్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక పాస్టరూ ఒక పత్రికా సంపాదకుడూ కుట్రను తవ్వుతుంటారు. వాళ్ళ తలల మీద దూతలూ దయ్యాలూ కత్తులు దూస్తుంటారు. ఒక ముసలావిడ గదిలో మోకరించి చేసే ప్రార్థన దూత చేతికి బలమై చేరడం పెరెట్టి గొప్ప ఊహ. ఏమీ జరగనట్టుండే పనిని యుద్ధరంగానికి కేంద్రం చేశాడు. కానీ అదే ఊహ కథను దెబ్బతీసింది కూడా. దుర్మార్గమంతా భుజం మీద కూర్చున్న దయ్యానిదైనప్పుడు మనిషి ఎంపిక పలచబడుతుంది. పశ్చాత్తాపానికి చోటు తగ్గుతుంది. టిమ్ లాహే, జెర్రీ జెంకిన్స్ కలిసి 1995 నుంచి 2007 వరకు 16 సంపుటాలుగా తెచ్చిన ‘లెఫ్ట్ బిహైండ్’ది ఇంకో రకం ఇబ్బంది. విశ్వాసులు ఎత్తబడిన తర్వాత మిగిలినవాళ్ళ కథ అది. కోట్లలో అమ్ముడైంది. విమానంలో ప్రయాణికులు సీట్లలో బట్టలు మాత్రం వదిలి మాయమయ్యే ఆరంభం ఒళ్ళు జలదరింపజేస్తుంది. ఆ తర్వాత పాత్రలు ప్రవచనాల పట్టికను నెరవేర్చే పనిలో పడి మనుషులుగా ఉండటం మరచిపోతాయి.

కారణం లేని కృపను కథలో చూపే సమస్యను చారిత్రక నవల ఎప్పుడో పరిష్కరించుకుంది, క్రీస్తును అంచున ఉంచడం ద్వారా. అమెరికా అంతర్యుద్ధంలో సేనాని అయిన లూ వాలెస్ 1880లో ప్రచురించిన ‘బెన్‌హర్’లో యేసు కనిపించేది చాలా కొద్దిసేపు. సంకెళ్ళతో నడిపించుకుపోతున్న బందీకి నజరేతు బావి దగ్గర ఒక యువకుడు మాట్లాడకుండా నీళ్ళు ఇస్తాడు. అంతే. వందల పుటల పగ, ఓడల యుద్ధం, రథాల పోటీ నడిచాక కూడా ఆ నీళ్ళు గుర్తుంటాయి. లాయిడ్ డగ్లస్ 1942లో ‘ద రోబ్’ను సిలువ దగ్గర పాచికలాడి వస్త్రం గెలుచుకున్న రోమన్ సైనికాధికారి వైపు నుంచి చెప్పాడు. దోషి కళ్ళతో చూస్తే నమ్మకం మెల్లగా, నొప్పితో వస్తుంది. రివర్స్ ‘ఎ వాయిస్ ఇన్ ద విండ్’లో యెరూషలేము పతనం తర్వాత రోముకు బానిసగా చేరిన హదస్సా భయస్థురాలు. నోరు తెరిచి విశ్వాసం చెప్పలేక కుమిలిపోతుంది. ఒక నవలాశ్రేణిలో మొదటిదైన ఈ పుస్తకం ఆమె సింహాల ముందు నిలబడటంతో ముగుస్తుంది. ఆమె ఎవరి కోసం ప్రార్థించిందో ఆ మనిషి అప్పటికీ మారలేదు. కేథరిన్ మార్షల్ 1967 నాటి ‘క్రిస్టీ’లో 1912 ప్రాంతపు టెన్నెసీ కొండల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన పందొమ్మిదేళ్ళ పిల్ల టైఫాయిడ్ చేతుల్లో స్నేహితురాలిని పోగొట్టుకుని దేవుణ్ణి కోపంగా ప్రశ్నిస్తుంది. ఈ రంగంలో ఇచ్చే క్రిస్టీ అవార్డుకు పేరు ఆ నవల నుంచే వచ్చింది.

ముగింపు ముందే తెలిసిపోతుందన్నది తరచు వినే ఫిర్యాదు. ఏటా శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం చూసే సమాజంలో ఈ ఫిర్యాదుకు అంత బలం లేదు. విల్లు విరుగుతుందని తెలిసే కదా హరికథ వినడానికి కూర్చునేది. ఏం జరుగుతుందో తెలిసినప్పుడు మనసు ఎలా జరుగుతుందన్న దాని మీదికి పోతుంది. అక్కడే కళకు పని. మతప్రచారమన్న రెండో ఫిర్యాదుకు మాత్రం ఇంత తేలిగ్గా సమాధానం చెప్పలేం. అభ్యుదయ సాహిత్యంలోనూ చివరి పుటలో నాయకుడు ఎర్రజెండా ఎత్తుకునే కథలు లేకపోలేదు. తప్పు నమ్మకంలో లేదు, నమ్మకం పాత్ర చేతుల్లోకి రాకముందే రచయిత నోటికి రావడంలో ఉంది. బైబిలు ఈ విషయంలో తన వారసుల కంటే ధైర్యంగా ఉంది. యోనా గ్రంథం దేవుడి ప్రశ్నతో ఆగిపోతుంది, ప్రవక్త జవాబు మనకు తెలియదు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో పెద్దకొడుకు గుమ్మం బయటే ఉన్నాడు. తండ్రి బతిమాలాడు. అతను లోపలికి వెళ్ళాడో లేదో లూకా చెప్పడు.

నేను పూర్తిగా ఒప్పుకునే ఆక్షేపణ వేరే ఉంది. పడమటి మైదానాల కథల్లో ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న తరచు కనిపించదు. వలసవచ్చినవాళ్ళ కష్టాలకు దేవుడు తోడుంటాడు, వెళ్ళగొట్టబడిన ఆదివాసులు దృశ్యం అంచునైనా ఉండరు. 2021లో అమెరికా రొమాన్స్ రచయితల సంఘం కరెన్ విట్‌మైయర్ ‘ఎట్ లవ్స్ కమాండ్’కు అవార్డు ఇచ్చి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. 1890 నాటి వూండెడ్ నీ ఊచకోతలో పాల్గొన్న సైనికుడు ఆ పాపభారం నుంచి బయటపడి ప్రేమను పొందడం ఆ కథ. పాపికి క్షమాపణ లేదనడం క్రైస్తవ రచయితకు సాధ్యం కాదు, నిజమే. కానీ చనిపోయినవాళ్ళు నాయకుడి పశ్చాత్తాపానికి నేపథ్యంగా మాత్రమే మిగిలినప్పుడు, వాళ్ళకు పేరూ గొంతూ లేనప్పుడు, పుస్తకంలో దొరికే క్షమాపణ ఎవరిచ్చారు? జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ జానర్‌కు ఆ జక్కయ్య ఇంకా గట్టిగా గుర్తుండాలి.

షాపుల్లో వేరే అరలో ఉండే మరిలిన్ రాబిన్సన్ ‘గిలియడ్’ను వీటి పక్కనే పెట్టి చదవాలని నా కోరిక. 2004లో వచ్చి మరుసటి ఏడాది పులిట్జర్ అందుకున్న ఈ నవలలో 1956లో అయోవాలోని ఒక చిన్న ఊరి పాస్టరు, 76 ఏళ్ళ జాన్ ఏమ్స్, తన చిన్న కొడుక్కి ఉత్తరం రాస్తుంటాడు. గుండె జబ్బు, ఎక్కువ కాలం బతకడు. జీవితమంతా కృప గురించి ప్రసంగించిన ఆయనకు స్నేహితుడి కొడుకు జాక్ అంటే పడదు. తన పేరే పెట్టుకున్న ఆ కుర్రవాడు ఎప్పుడో ఒక పేదపిల్లను మోసం చేసి, బిడ్డను వదిలేశాడు. జాక్ తిరిగి వచ్చాడు. పుస్తకం పొడుగునా జాక్ మారతాడా అని చూస్తాం, మారే పని ముసలి పాస్టరుకు ఉందని ఆలస్యంగా తెలుస్తుంది. ఊరు విడిచిపోయే రోజున జాక్ బస్సు కోసం ఎదురుచూస్తుంటాడు. అతని కష్టం తీరలేదు, విశ్వాసం వచ్చిందని చెప్పడానికీ లేదు. ఏమ్స్ అతని దగ్గరికి వెళ్ళి, నిన్ను ఆశీర్వదించనా అని అడుగుతాడు. జాక్ టోపీ తీసి తల వంచుతాడు. ముసలి చెయ్యి ఆ నుదుటి మీద ఆనుతుంది, కాసేపటికి బస్సు వస్తుంది.