ఎండను బట్టే మంద

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ జాతి మంచిది? ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది? అడిగేది కూడా ఎక్కువగా చలికాలంలోనే. అప్పుడు ఏ కోడైనా కళగా ఉంటుంది, ఏ గూడైనా సరిపోతుంది, పది ఉన్నచోట ఇంకో పది ఇట్టే ఇముడుతాయనిపిస్తుంది. అసలు పరీక్ష రోహిణి కార్తెలో. మధ్యాహ్నం రెండు గంటల వేళ మన పెరట్లో నీడ ఎంత ఉంది, ఆ నీడలో రెక్కలు విప్పుకుని ఒకదానికొకటి తగలకుండా ఎన్ని కోళ్లు నిలబడగలవు? మన మంద అంతే ఉండాలి. జాతి, మేత, గూడు, ఈ మూడూ ఆ లెక్కకు లోబడి తేల్చుకోవాల్సినవే. తెలుగు నేల మీద ఇంటి కోళ్లకు కొలబద్ద గుడ్ల సంఖ్య కాదు, మే నెల అన్నది నా వాదన.

ఎందుకో తెలియాలంటే కోడి ఒంటి తీరు చూడాలి. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గాలి చల్లగా ఉన్నంతసేపూ తలమీది ఎర్రటి జుట్టు, గొంతు కింద వేలాడే తోలు, ఈకల్లేని కాళ్లు ఆ వేడిని బయటికి పంపుతాయి. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని నిలబడేది కూడా వాటి కింద గాలి ఆడడానికే. గాలి 40 డిగ్రీలకు చేరేసరికి ఒంటికీ గాలికీ తేడా దాదాపు ఉండదు కాబట్టి ఆ దారులు మూసుకుపోతాయి. మిగిలేది ఒక్కటే, నోరు తెరిచి రొప్పడం. రొప్పితే గొంతులోని తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. అయితే దానికి ఖరీదు ఉంది. ఒంట్లో నీళ్లు ఖర్చవుతాయి. ఊపిరితోపాటు బొగ్గుపులుసు వాయువు అతిగా పోయి నెత్తురులో క్షారగుణం పెరుగుతుంది, గుడ్డు పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. ఎండాకాలంలో వేలితో నొక్కితే సొట్టపడే గుడ్లు వచ్చేది ఇందువల్లే. చాలామంది సున్నం చాలలేదనుకుని నత్తగుల్లల పొడి వేస్తారు. పొడి వేయడం మంచిదే, కానీ రొప్పు తగ్గనిదే పెంకు గట్టిపడదు.

నీళ్లూ మేతా కూడా ఈ వెలుగులోనే చూడాలి. మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగే పెట్ట, ఎండలు ముదిరితే అంతకు రెట్టింపు తాగుతుంది. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు నింపి ఎండలో వదిలేస్తే పది గంటలకే వేడెక్కుతాయి, ఆ నీళ్లను కోడి ముక్కు తడిపి వదిలేస్తుంది. నీడలో పెట్టిన మట్టిమూకుడు నయం. దాని ఒంటి నుంచి ఊరిన తడి ఆరుతూ లోపలి నీటిని చల్లగా ఉంచుతుంది. అదీ ఒక్కటి కాదు, రెండు మూడు చోట్ల పెట్టాలి. మందలో పెత్తనం చేసే పెట్ట ఒకటి ఉంటుంది, బలహీనమైనవాటిని అది మూకుడు దగ్గరికి రానివ్వదు. ఇక మేత. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. అందుకే నూకలైనా జొన్నలైనా తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి వేయాలి. మధ్యాహ్నం నీడలో తూగుతున్న కోళ్లను పిలిచి గింజలు చల్లడం వాటికి మేలు చేసినట్టు కాదు.

జాతి విషయంలో నాకు ఎదురయ్యే అభ్యంతరం గట్టిదే. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టి మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా వందకు పైగా, గ్రామప్రియ నూట యాభైకి పైగా పెడతాయి. ఫారం కోడి మూడు వందలు దాటుతుంది. మరి నాటుకోడిని పట్టుకుని వేలాడడం దేనికి? గుడ్డు తయారుకావాలంటే మేత కావాలి, మేత అరిగితే వేడి. ఎక్కువ పెట్టే కోడి ఎక్కువ వేడిని మోస్తుంది, ఆ వేడిని దించడానికి ఫారంలో ఫ్యాన్లున్నాయి, మన పెరట్లో లేవు. నాటు పెట్ట మే నెలలో పెట్టడం ఆపేస్తే అది బద్ధకం కాదు, బతికే ఉపాయం. దాని ఒళ్లు చిన్నది, బరువుతో పోలిస్తే వేడి పోయే చర్మం ఎక్కువ. మన పందెంకోడి జాతి ఆసీలును దగ్గరగా చూడండి. పొడుగాటి కాళ్లు, ఒంటికి అతుక్కున్న పలచటి గట్టి ఈకలు, రొమ్ము మీద అక్కడక్కడా కనిపించే ఎర్రటి చర్మం. దాని తలమీది జుట్టు చిన్నదే, వేడి పోయే ఆ ఒక్క దారి ఇరుకు. ఆ లోటును కాళ్లూ ఈకలూ తీరుస్తాయి. మెడ మీద ఈకల్లేని కోళ్లను చూసి కొందరు జబ్బనుకుంటారు. ఆ గుణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ఒంటి ఈకలు ఐదో వంతు, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు ఐదింట రెండు వంతులు తగ్గుతాయి. వేడి ప్రాంతాలకు అది వరమే.

అంటే గ్రామప్రియ వద్దని కాదు. ఇంట్లో పిల్లలకు రోజూ గుడ్డు పెట్టడమే లక్ష్యమైతే రెండు మూడు పెట్టలను తెచ్చుకోవచ్చు. కానీ అధిక గుడ్ల కోసం తీర్చిన కోళ్లు సాధారణంగా పొదగవు. కాబట్టి మంద తనంతట తాను నిలవాలంటే ఒకటో రెండో నాటు పెట్టలు ఉండాల్సిందే. బరువెక్కిన పుంజులను వేసవి దాకా అట్టిపెట్టుకోకూడదు. సంక్రాంతికి వాటికి గిరాకీ ఎలాగూ ఉంటుంది, శివరాత్రి దాటేలోపు మందను పలచన చేసుకోవాలి. పొదగేయడానికి కూడా వేసవి పనికిరాదు. గుడ్డులో పిండం ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీల పైన మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. ముప్పై అయిదు డిగ్రీల గదిలో వారం ఉంచిన గుడ్డులో అది సగం పెరిగి చచ్చిపోతుంది, ఆ గుడ్డును పెట్ట కింద పెట్టినా మురిగేదే. తడి ఇసుక మీద కుండ పెట్టి అందులో గుడ్లు దాచే పాత పద్ధతిలో ఉన్న శాస్త్రం ఇదే. తినే గుడ్ల కోసమే అయితే పుంజు లేని మంద ఇంకా మేలు, జీవం లేని గుడ్డు ఎండకు కొంత ఎక్కువ కాలం ఆగుతుంది.

ఇంకో అభ్యంతరం, యంత్రాలతో ఎండను జయించలేమా అన్నది. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మంది మనుషులే చనిపోయారు, ఫ్యాన్లూ నీటి తుంపరలూ ఉన్న ఫారాల్లో కోళ్లు లక్షల్లో పోయాయి. నీటి తుంపర కూడా అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. రామగుండంలోనో రెంటచింతలలోనో గాలి పొడిగా ఉంటుంది, గాలి వచ్చే వైపు తడి గోనెపట్టా కడితే లోపల చల్లబడుతుంది. మచిలీపట్నంలో, కాకినాడలో గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది. అక్కడ తుంపర చల్లితే తేమ ఇంకా పెరిగి, రొప్పినా తడి ఆరక, కోడికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. కోస్తాలో కావలసింది గాలి. గూటి విషయంలో మనం చేసే పెద్ద తప్పు రాత్రిది. పిల్లికీ ముంగిసకూ భయపడి సిమెంటు రేకుల కింద, చుట్టూ ఇటుక గోడ కట్టి కోళ్లను మూసేస్తాం. పగలంతా కాగిన గోడ అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, పగటి వేడిని దించుకోవాల్సిన వేళలో కోడికి ఊపిరాడదు. పొడవు తూర్పుపడమరలుగా, పక్కలకు ఇనుప జాలీ, పైన తాటాకో రేకుల మీద పరిచిన వరిగడ్డో, తలకు రెండు చదరపు అడుగులకు తగ్గని చోటు ఉంటే దొంగ జంతువులూ రావు, గాలీ ఆగదు.

కొక్కెర తెగులు మాటేమిటి, అది వస్తే నీడ ఏం చేస్తుంది అనవచ్చు. నిజమే, వేసవిలో ఊరి కోళ్లను ఊడ్చిపెట్టేది ఎక్కువగా ఆ రాణిఖేత్ జబ్బే. టీకా ఉంది, చవక కూడా. చిక్కల్లా సీసాలో ఉంది. సాధారణంగా దొరికే సీసా వంద కోళ్లకు సరిపడేది, కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా మంచులో ఉండాలి. ఎనిమిది కోళ్ల ఇంటికి ఆ సీసా ఎవరు విప్పుతారు? ఇందుకు జవాబు ఎనిమిదిని ఎనభై చేయడం కాదు. వీధిలోని పది ఇళ్లు ఒకే ఉదయం, మార్చి ఎండలు ముదరకముందే, కలిసి వేయించుకోవడం. చిన్న మందకు పెద్ద బలం పక్కింటి మందే. నెల్లూరు జిల్లాలో 2024లో, గోదావరి జిల్లాల్లో 2025లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలిసిందీ అదే. కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే కూరకు పనికొస్తాయేమోనని చూడకుండా పశువైద్యుడికి చెప్పడం వీధి మొత్తానికీ రక్ష.

చివరికి మిగిలేది డబ్బు లెక్క. దుకాణంలో గుడ్డు ఇంత చవకగా దొరుకుతుంటే ఈ శ్రమ దేనికని అడిగేవాళ్లున్నారు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల పెంపుడు పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరటివే, 2012తో పోలిస్తే అవి 45 శాతానికి పైగా పెరిగాయి. ఇంతమంది లెక్క తప్పారనుకోలేం. మెతుకులు, తవుడు, పురుగులు, చెదలు, ఆకులు తిని గుడ్డుగా మార్చే కోడికి కొన్న మేత అవసరం చాలా తక్కువ, అందుకే అది లాభం. పెరడు మేపగలిగిన సంఖ్య దాటిన మరుక్షణం మేత కొనాలి, అప్పుడు మనది ఫ్యాన్లు లేని, వైద్యుడు లేని చిన్న ఫారం అవుతుంది, నష్టం ఖాయం. నీడ చెప్పే సంఖ్యా, పెరటి మేత చెప్పే సంఖ్యా చాలా ఇళ్లలో దగ్గరదగ్గరగానే ఉంటాయి, ఆరు నుంచి పది మధ్య. పెరట్లో మధ్యాహ్నపు నీడ లేదంటే ముందు కోళ్లు కొనకండి. నాలుగు మునగ కొమ్మలు నాటండి. నీళ్లు పోస్తే ఏడాదిలో నీడ ఇస్తాయి, ఆకు మేతకు వస్తుంది. కోళ్లను ఆ తర్వాత తెచ్చుకోవచ్చు.