నల్లరాతి మీద ఎద్దులు

ఆనేకల్ తాలూకాలో జిగణి వైపు వెళితే వరసగా గ్రానైట్ యూనిట్లు కనిపిస్తాయి. వజ్రపు పళ్లున్న రంపాల మీద నీళ్లు పోస్తూ బండలను పలకలుగా కోస్తుంటారు. ఆ రొద విన్నవారికి దక్కన్ రాయి ఎంత మొండిదో వేరే చెప్పక్కర్లేదు. ఇనుమన్నదే తెలియని కాలంలో, ఇప్పటికి నాలుగు వేల ఏళ్ల కిందట, బళ్లారి పక్కన పశువుల కాపరులు అలాంటి మొండి రాతి మీదే బొమ్మలు దించారు. మన ప్రాంతపు తొలి చిత్రకళ గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

బళ్లారి దగ్గర సంగనకల్లు, కుప్పగల్ ఊళ్ల మధ్య ఉన్న హిరేగుడ్డ ఒక గ్రానైట్ కొండ. దాన్ని చీల్చుకుంటూ డోలరైట్ అనే నల్లరాయి ఒక పట్టీలా సాగుతుంది. ఆ పట్టీ మీదే వందల బొమ్మలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మూపురం, పొడవాటి కొమ్ములు ఉన్న ఎద్దులే. ఫ్రెడ్ ఫాసెట్ అనే బ్రిటిష్ అధికారి 1892లోనే వీటి గురించి రాశాడు. ఆ తర్వాత బి. సుబ్బారావు సంగనకల్లులో తవ్వకాలు జరిపి, బళ్లారి రాతియుగం మీద 1948లో పుస్తకం ప్రచురించాడు.

ఇవి రంగుతో వేసినవి కావు, ఉలితో చెక్కినవీ కావు. డోలరైట్ లోపల బూడిద రంగులో ఉంటుంది. ఎండకూ వానకూ వేల ఏళ్లలో పైన ముదురు గోధుమరంగు పొర కడుతుంది. గట్టి రాతి ముక్కతో ఆ పొర మీద దెబ్బ పక్కన దెబ్బ వేస్తూ పోతే పొర నలిగి లోపలి లేత రంగు బయటపడుతుంది. బొమ్మంటే ఆ చుక్కల గుంపే. గీత తప్పితే చెరపడానికి వీల్లేదు. కాలం గడిచేకొద్దీ లేత రంగు మీద మళ్లీ పొర కడుతుంది. అందుకే పాత బొమ్మలు నల్లబడి రాతిలో కలిసిపోయినట్టుంటాయి, తర్వాతివి తెల్లగా కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఏది ముందుదో, ఏది వెనకదో పరిశోధకులు ఈ తేడాను బట్టే చెబుతారు.

అదే కొండ మీద రాతి గొడ్డళ్ల తయారీ కేంద్రం ఉండేది. గొడ్డలికి వాడింది కూడా ఈ డోలరైటే. ఏ కోణంలో కొడితే పెచ్చు లేస్తుందో, ఎంత బలంతో కొడితే పైపొర మాత్రమే నలుగుతుందో గొడ్డలి చేసే చేతికి తెలుసు. పనివాడు వేరు, చిత్రకారుడు వేరు అనుకోవడం మన కాలపు అలవాటు. హిరేగుడ్డలో ఆ విభజన ఉన్నట్టు నాకు కనిపించదు.

ఇంకో విశేషం రాతి మోత. కొన్ని గుండ్ల మీద నున్నటి గుంటలున్నాయి. వాటిని రాతితో కొడితే గంటలా ఖంగుమంటాయి. నికోల్ బోవిన్ అనే పురావస్తు పరిశోధకురాలు 2004లో ఈ బొమ్మలనూ మోతనూ కలిపి పరిశీలించి వ్యాసం రాసింది. కొన్ని బొమ్మలు మామూలుగా చెయ్యి అందని చోట్ల ఉన్నాయి. వేలాడుతూనో, పడిపోకుండా ఎవరైనా పట్టుకుంటేనో తప్ప కొట్టలేనివి అవి. కాలక్షేపానికి ఎవరూ అంత ప్రమాదానికి దిగరు. ఎద్దును రాతి మీదికి తేవడం, ఆ రాతిని మోగించడం వాళ్లకు ఒకే క్రతువులో భాగాలై ఉండవచ్చు.

ఎద్దు ఎందుకంటే, వాళ్ల బతుకంతా పశువుల మందే. ఏళ్ల తరబడి పేడను పోగుచేసి కాల్చగా ఏర్పడిన బూడిద దిబ్బలు బళ్లారి, రాయచూరు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో నేటికీ ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలి దహనం జరిగిన చోటుగా జనం చెప్పుకుంటారు. రాయచూరు వైపున్న పిక్లిహాల్‌లో రాతి బొమ్మలతో పాటు మట్టి ఎద్దులు కూడా దొరికాయి. పిడికెడు మట్టిలో ముందుగా వాళ్ల వేళ్లు నొక్కింది మూపురమే అనిపిస్తుంది.

రంగు బొమ్మల కోసం కడప జిల్లా చింతకుంటకు, కర్నూలు జిల్లా కేతవరానికి వెళ్లాలి. అక్కడ పనిచేసింది జేగురు. ఇనుప ఖనిజం కనుక ఎండకు వెలవదు, ఆకుపసరు రంగులు అలా నిలవవు. దాన్ని నూరి, నీళ్లలో కలిపి, వేలితోనో నలిపిన పుల్లతోనో పూసి ఉంటారు. చింతకుంటలో మూపురపు ఎద్దు ఉన్న గుండును ఊరివాళ్లు ఎద్దుల ఆవుల గుండు అంటారు. మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కాకు 2003లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చింతకుంట పేరు తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

హిరేగుడ్డకు ఉన్న ముప్పు క్వారీ. రోడ్లకు కంకర కావాలి, ఇళ్లకు పలకలు కావాలి, కాదనను. కానీ పేల్చిన బండ మీది బొమ్మ మళ్లీ రాదు. బెంగళూరు, ఆనేకల్, హొసూరు వైపు ఉన్న తెలుగువాళ్లు పిల్లలతో బళ్లారి వెళ్లండి, రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరుతో ఉన్న సంగనకల్లు మ్యూజియం చూపించండి. చింతకుంటలో ఫోటో బాగా రావాలని బొమ్మ మీద నీళ్లు చల్లకండి, సుద్దతో గీత దిద్దకండి. మీ ఊరి కొండకు క్వారీ అనుమతి అడిగారని తెలిస్తే, ముందు ఆ రాళ్లను పురావస్తు శాఖ చేత చూపించమని గ్రామసభలో అడగండి.